మోగని అమ్ములపొది

మా అత్తగారికి దుబాయ్‌లో వంటబట్టిన అరబ్బీ మాట ఒక్కటే: ఖలాస్. కింద కిరాణా కొట్టతను కొత్తిమీర అయిపోయిందని చెప్పడానికి వాడే మాట అది. ఆవిడకి ఎంత నచ్చిందంటే పాలు పొంగిపోతే ఖలాస్, సీరియల్ ఆగిపోతే ఖలాస్, కొడుకు జుట్టు పలచబడుతోందంటే కూడా ఖలాస్. అంతవరకూ నవ్వుకునేవాళ్ళం. కానీ రెండువేల ఇరవై ఒకటిలో జబ్బుపడి లేచాక, ఎప్పుడు పాడమన్నా అదే మాట అనడం మొదలుపెట్టారు.

"పాటలు ఖలాసే అమ్మాయ్."

అనంతలక్ష్మిగారు కాకినాడలో సంగీతం టీచరు. తల్లులకీ నేర్పారు, ఆ తల్లుల కూతుళ్ళకీ నేర్పారు. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలోని మా చిన్న ఫ్లాట్‌కి వచ్చాక కూడా తెల్లారేసరికి తంబురా ముందు కూర్చునేవారు. పక్క ఫ్లాట్‌లోని ఫిలిప్పీన్స్ అమ్మాయిలు అలారం పెట్టుకోవడం మానేశారంటే చూడండి. జబ్బయితే తగ్గింది గాని, గొంతు పైకి వెళ్ళబోతే చిట్లిపోయేది. "కాస్త శ్రుతి తగ్గించుకుని పాడమ్మా" అన్నందుకు కొడుకుతో వారం మాట్లాడలేదు. "నలభై ఏళ్ళు ఐదున్నర శ్రుతిలో పాడినదాన్నిరా. ఇప్పుడు కిందకి దిగి మూలగమంటావా?" అని తంబురాకి గవిసెన తొడిగి బీరువా పక్కన నిలబెట్టారు.

ఆ మూల ఊడ్చినప్పుడల్లా గవిసెన మీది దుమ్ము దులిపి వచ్చేదాన్ని. సంగీతం గురించి నాకు ఓనమాలు తెలియవు. అయినా ఆ పాట మళ్ళీ నలుగురిలో వినాలని, అది వినకుండా మాత్రం ఇంకో ఎండాకాలం రాకూడదని నేను వెంకన్నకి ముడుపు కట్టాను. ఆ ముడుపు తీరిన చలికాలం కథ ఇది. అయితే మొదలుపెట్టవలసింది తంబురాతో కాదు, నా విల్లుతో.

నేను ఒక కంపెనీలో హెచ్.ఆర్. చూస్తాను. ఉద్యోగుల ఆరోగ్యం కోసమని ఒకసారి మమ్మల్నందరినీ విలువిద్య క్లబ్బుకి తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు విల్లు పట్టుకుని ఫొటోలు దిగి బిర్యానీ దగ్గరికి పోయారు. నేను అక్కడే ఉండిపోయాను. రెండు కొసలా చక్రాలూ వాటి మీద తీగలూ ఉండే కాంపౌండ్ విల్లు అది. లాగేటప్పుడు భుజం పీకుతుంది, పూర్తిగా లాగాక మాత్రం తేలికైపోతుంది. నా జీవితంలో అలా తేలికైపోయేది ఇంకేదీ లేకపోబట్టి పట్టుకుని వదల్లేదు.

నేను ముడుపు కట్టిన ఏడు మా క్లబ్బు వాళ్ళు చలికాలం చివర్లో రస్ అల్ ఖైమా కొండల్లో వేటగాళ్ళ పోటీ పెడతామన్నారు. ఈ దేశంలో అనుమతి లేకుండా వేట కుదరదు కాబట్టి రాళ్ళ మధ్య నురుగు రబ్బరుతో చేసిన జంతువుల్ని నిలబెడతారు. మనం నడుచుకుంటూ వెళ్ళి కొట్టాలి. నిబంధన ఒక్కటే: వేటకి వెళ్ళినవాళ్ళలాగే బాణాలన్నీ విల్లుకే తగిలించిన అమ్ములపొదిలో ఉండాలి. నేను అలవాటుపడ్డ నడుం సంచి పనికిరాదు.

"జింకల్ని చంపుతావుటే?" అని అడిగారు అత్తయ్య, చిక్కుడుకాయలు వలుస్తూ.

"రబ్బరు జింకలు అత్తయ్యా."

"ప్రాణం లేనివాటిని చంపడానికి ఇంత హంగామా దేనికి?"

నేనేదో చెప్పేలోపు మా ఆయన రంగంలోకి దిగారు. దక్షిణామూర్తిగారు ఒక కాంట్రాక్టు కంపెనీలో సరుకు కొనే విభాగంలో పనిచేస్తారు. ఇంట్లోకి చాకు కొన్నా మూడు కొటేషన్లు తెప్పించే మనిషి. విల్లుకి తగిలించే అమ్ములపొదుల మీద ఆయన వేసిన పట్టిక చూస్తే వాళ్ళ కంపెనీ కట్టే వంతెనలకి కూడా అంత శ్రద్ధ పెట్టరేమో అనిపించింది. బరువు ఎంత, ఎన్ని బాణాలు పడతాయి, ఊడదీసే వీలుందా లేదా. చివరికి అన్నిటికంటే తేలికైనది నెగ్గింది. ఆన్‌లైన్‌లో తెప్పించారు. విల్లుని ఎప్పుడైనా పట్టుకున్నారా అంటే, లేదు.

అది సరిగ్గా దసరాకి ముందు వచ్చింది. ఇంకేముంది, ఆయుధపూజలో పెట్టేశాం. చాకు, కత్తిపీట, మా ఆయన లాప్‌టాప్, కారు తాళాలు, వాటి మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ అమ్ములపొది. గంధం, కుంకుమ, చామంతి రెక్క. అత్తయ్య పూజ బాగానే చేశారు. ఆఖర్న బాణాలు పట్టుకునే రబ్బరు పళ్ళని వేలితో నొక్కి చూసి, "బిరుసుగా ఉన్నాయర్రా, పాపం" అని కొబ్బరినూనె తెచ్చి ఒక్కో పన్నుకీ మర్దనా చేశారు. నేను కూడా పక్కన కూర్చుని, "లోపల కూడా పట్టించండి అత్తయ్యా, బాణాలు హాయిగా దిగుతాయి" అన్నాను. హెచ్.ఆర్. బుర్ర.

ఆ శుక్రవారం క్లబ్బులో మొదటి బాణం వదిలాను. విల్లు అదిరింది. పొదిలో ఉన్న మిగతా బాణాలన్నీ ఒకదాని వెనక ఒకటి జారి నా బూట్ల మీద పడ్డాయి. మా కోచ్ తహ్మీనా షార్జాలో పుట్టి పెరిగిన పాకిస్తానీ పిల్ల, నవ్వు ఆపుకోవడం అసలు రాదు. పొదిని ముక్కు దగ్గర పెట్టుకుని, "సుధా బాజీ, దీనికి తలంటు పోశారా?" అంది హిందీలో. బాజీ అంటే అక్క. ఎంత తుడిచినా ఆ రబ్బరు మళ్ళీ బిగుసుకోలేదు. నూనె తాగి ఉబ్బిపోయింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తయ్య మొహం వాడిపోయింది. "నా చెయ్యి పడితే అన్నీ ఇంతేలే" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. రబ్బరు గురించి మాత్రమే అన్న మాట కాదది.

"అయితే ఈసారి మీరే వచ్చి ఎంచండి" అన్నాను.

"నాకేం తెలుసే?"

"మీ అబ్బాయికి మాత్రం ఏం తెలిసి ఎంచాడు?"

అలా ముగ్గురం దుబాయ్ పాత పేట డేరాకి వెళ్ళాం. సూక్ అనే పాత బజారు వెనక సందులో డేగల కళ్ళకి తొడిగే టోపీలూ గుడారాలూ విళ్ళూ అమ్మే కొట్టు ఉంది. విళ్ళు బాగుచేసేది రాయచోటి హయాత్ బాషా. పాతికేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నా భాషలో రాయచోటి చెక్కుచెదరలేదు. కొట్టు వెనక ఇరుకైన వసారాలో బాణం కొట్టి చూసుకోవడానికి చోటుంది. అత్తయ్యకి ప్లాస్టిక్ కుర్చీ వేసి, పాలు లేని సులేమానీ చాయ్ చేతిలో పెట్టాడు.

"చూడక్కా, మొదట నీ బాణాలు చూపీ" అన్నాడు. వాటినీ నూనె తాగిన పొదినీ చూసి నాలుక చప్పరించాడు. "సన్నబాణాలు. మీ సారు తెప్పించింది లావు బాణాలకు చేసింది. నూనె పూయకపోయినా అది లొడలొడమంటానే ఉండేది."

మా ఆయన పట్టికలో బాణం మందానికి గడి లేదు. ఆయన గోడకి వేలాడుతున్న డేగ టోపీల్ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

బాషా మొదట తగిలించింది సులువుగా ఊడొచ్చే రకం. బాణాల మొనలు దాచే టోపీ, కింద బాణాల్ని పట్టుకునే రబ్బరు, రెండింటినీ కలుపుతూ ఒక కడ్డీ. చూడటానికి ముద్దుగా ఉంది గాని విల్లుకి దూరంగా పొడుచుకుని నిలబడింది. బాణాలు నింపి విల్లెత్తగానే నా చెయ్యి కుడికి వాలిపోయింది. బాణం కూడా అటే పోయింది.

"మోగుతోంది" అన్నారు వెనకనుంచి అత్తయ్య.

అందరం తిరిగి చూశాం. కళ్ళు మూసుకుని చాయ్ తాగుతున్నారు.

"ఏం మోగుతోందమ్మా?" అన్నారు మా ఆయన.

"తీగ మాట అయిపోయాక ఇంకెవరో మాట్లాడుతున్నార్రా. వినబడటం లేదూ?"

మాకు వినబడలేదు. బాషా మాత్రం కడ్డీ మీద వేలు పెట్టి మళ్ళీ కొట్టమన్నాడు. కొట్టాను. అతని కనుబొమలు పైకి లేచాయి. "నిజమే పెద్దమ్మా. కడ్డీ ఒణుకుతాండాది."

రెండోది చిన్నది, బహు తేలిక. మా ఆయన కళ్ళు మెరిశాయి. అయితే మొనల టోపీ మరీ లోతు తక్కువ. వేటకి వెళ్ళేవాళ్ళ బాణాలకి బ్లేడు మొనలుంటాయని, అవి పూర్తిగా కప్పబడకపోతే జారిపడ్డప్పుడు చెయ్యి తెగుతుందని బాషా చెప్పాడు. నావి మామూలు మొనలేనన్నాను. "అయినా అది వద్దే" అన్నారు అత్తయ్య, దాన్ని మోగించకుండానే. చెయ్యి తెగడమన్న మాట చాలు ఆవిడకి.

మూడోది కాస్త బరువైనదే. విల్లుని ఆనుకుని నిలబడింది. బాణాన్ని రెండు చోట్ల పట్టుకునే రబ్బరు, ఆ రబ్బరు పళ్ళు కూడా నా సన్నబాణాలకి సరిపడేవి. విల్లెత్తాను. ఈసారి చెయ్యి వాలలేదు. కొట్టి చెవులు రిక్కించుకుని నిలబడ్డాను, అదేదో నాకే వినబడిపోతుందన్నట్టు.

"ఇదే" అన్నారు అత్తయ్య. "కాని టోపీ దగ్గర చిన్న పలుకుంది. ఇలా తే."

పొదిని ఒళ్ళో పెట్టుకుని టోపీ అతుకు మీద గోటితో మీటారు. తన శాలువా కొసనుంచి ఒక ఊలుపోగు లాగి, తడిచేసి, ఆ అతుకులోకి నెమ్మదిగా జొనిపారు. "తంబురాకి పలుకు రావడానికి పోగు పెడతాం. దీనికి పోవడానికి పెడుతున్నాను. అంతే తేడా" అన్నారు. ఆ పోగు అటూ ఇటూ జరుపుతూ, ఏ స్వరం పోవాలో చూసుకోవడానికి సన్నగా "ఊ..." అని అందుకున్నారు. పోగు, గోరు, మళ్ళీ "ఊ...".

ఏడాది పైన అయింది ఆ గొంతులోంచి స్వరం విని. నేను మా ఆయన వైపు చూడలేదు, ఆయన నా వైపు చూడలేదు. చూస్తే ఆవిడ గమనించి ఆపేస్తారని ఇద్దరికీ భయమే.

బాషా పొదిని మళ్ళీ బిగించాడు. మోత పోయింది. కాని నాకు వేరే తంటా వచ్చింది. బాణాలతో నిండిన పొది బరువుతో నాలుగుసార్లు లాగేసరికి భుజం వణకడం మొదలుపెట్టింది.

"తీగ లాగే బరువు ఎంతలో పెట్టుకున్నావక్కా?" అన్నాడు బాషా.

"నలభై అయిదు పౌండ్లు" అన్నాను, గొప్పగానే. క్లబ్బులో ఆడవాళ్ళందరిలో నాదే ఎక్కువ. రెండు చలికాలాలు కష్టపడి అక్కడికి తెచ్చుకున్నాను.

"నలభైకి దింపుదాం."

"వద్దు భయ్యా. కష్టపడి ఎక్కించింది."

"పొది బరువు కొత్తగా వచ్చింది కదక్కా. మోసేది పెరిగినప్పుడు లాగేది తగ్గించుకోవల్ల. దాంట్లో సిగ్గేముండాది?"

నేను మొండికేసి నిలబడ్డాను. అప్పుడు అత్తయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగారు. "తగ్గిస్తే బాణం అంత దూరమూ అందుతుందా నాయనా?"

"ఎందుకందదు పెద్దమ్మా? కొంచెం పైకి చూసుకొని కొట్టాల, అంతే. ఎంత లాగినావని జింక అడగదు."

 నేను ఇక వాదించలేక విల్లు చేతికిచ్చేశాను. బాషా తాళంచెవిలాంటి పనిముట్టుతో విల్లు కొసల దగ్గరి మరలు తిప్పుతుంటే ఆవిడ దాని వైపే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు నేను లేచేసరికి ఇంట్లో సన్నగా ఏదో మోత. ఫ్రిజ్ అనుకున్నాను. కాదు. అత్తయ్య గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల తంబురా, దానితో పాటు గొంతు. ఎప్పుడూ వినే చోట లేదు ఆ గొంతు, కిందుగా, కొత్త మనిషి ఎవరో వచ్చినట్టుంది. చిట్లడం మాత్రం లేదు. చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గర నిలబడ్డాను. నా నీడ పడిందో ఏమో, ఠక్కున ఆగిపోయింది.

"నీ పొదికి పోగు ఎంత మందం ఉండాలో చూద్దామని తీశానే" అన్నారు లోపలినుంచే.

"ఎంతలో పెట్టారు అత్తయ్యా?"

లోపల తంబురా తీగ ఒకసారి మోగింది.

"నీ విల్లు ఎంతలో ఉందిప్పుడు?"

"నలభై."

"నాదీ అంతే అనుకో."

ఆ చలికాలమంతా అలాగే నడిచింది. నేను క్లబ్బులో పొది తగిలించుకుని కొట్టేదాన్ని, ఆవిడ తలుపు వేసుకుని పాడేవారు. ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఆపేసేవారు. అందుకని మా ఆయన పొద్దున్నే స్నానం చేస్తున్నట్టు నటించడానికి బాత్రూంలో నీళ్ళు వదిలి వచ్చి హాల్లో కూర్చునేవారు. దుబాయ్‌లో నీళ్ళు అలా పారబోస్తారా అని నేను ఒక్కసారి కూడా అనలేదు. తలుపు తెరుచుకోవాలి, నలుగురిలో పాడాలి. అది కాకుండా నా ముడుపు తీరదని నాకు తెలుసు. తొందరపెడితే మళ్ళీ గవిసెన ఎక్కేస్తుందనీ తెలుసు.

ఫిబ్రవరిలో పోటీ రోజు వచ్చింది. అత్తయ్య పట్టుచీర కింద నా పాత స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, పులిహోర డబ్బా మా ఆయనకి ఎత్తి, కొండ దారిలో నాకంటే ముందు నడిచారు. రాళ్ళ మధ్య ఎక్కడ చూసినా రబ్బరు జంతువులే. "అదిగో, నక్క!" అని ఆవిడే ముందు కనిపెట్టి అరిచేవారు. తహ్మీనా పెదాల మీద వేలు పెట్టుకుని బతిమాలింది, జంతువులు పారిపోతాయని. ఆవిడ నిజంగానే గొంతు తగ్గించారు.

సగం దారి బాగానే నడిచింది. తర్వాత గాలి లేచి అడవిపంది పక్కనుంచి ఒక బాణం, మేక కొమ్ము మీదుగా ఒక బాణం పోయాయి. చివరి మజిలీలో వాగుకి అవతల గట్టు మీద తెల్లటి ఓరిక్స్, అంటే పొడుగు కొమ్ముల ఎడారి జింక, నిలబడి ఉంది, ఆ రోజు మొత్తంలో అదే అన్నిటికంటే దూరం. నలభై అయిదులో ఉండి ఉంటే, అన్న ఆలోచన వచ్చింది. కాదనను. కాని విల్లెత్తితే చెయ్యి వాలలేదు, భుజం వణకలేదు. కొంచెం పైకి చూసుకున్నాను. వదిలాను.

తీగ ఒక్కసారి పలికి ఊరుకుంది. దాని తర్వాత ఇంకెవరూ మాట్లాడలేదు. అవతల గట్టునుంచి 'థప్' అని వచ్చింది.

"శుద్ధంగా ఉంది" అన్నారు అత్తయ్య. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. బాణం తగిలిందో లేదో కూడా చూడలేదు.

తగిలింది. సరిగ్గా గుండె గీతలో. పందీ మేకా చేసిన ద్రోహం వల్ల పోటీలో మధ్యలో ఎక్కడో నిలిచాను గాని, మా ఆయన కొండ దిగేదాకా ఎదురొచ్చిన ప్రతివాడికీ ఆ ఒక్క బాణం గురించే చెప్పారు. అమ్ములపొది ఎలా ఎంచాలో కూడా చెప్పారు, అదంతా తన పట్టికలోనే ఉన్నట్టు.

కింద గుడారం దగ్గర అందరం తివాచీల మీద కూర్చున్నాం. ఒకరు ఖర్జూరాలు, ఒకరు గహ్వా అనే అరబ్బు కాఫీ, మా పులిహోర. తిన్నాక ఒక లెబనాన్ కుర్రాడు పాట అందుకున్నాడు. తర్వాత తహ్మీనా వాళ్ళ అమ్మ నేర్పిందని ఒక పెళ్ళిపాట పాడింది. పాడి, నవ్వుతూ అత్తయ్య వైపు తిరిగింది.

"అమ్మీ, ఇప్పుడు మీరు."

 మా ఆయన గహ్వా కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. అత్తయ్య శాలువా సర్దుకున్నారు. చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశారు. పైకెత్తిన చెయ్యి అడ్డంగా ఊపబోతున్నట్టే ఉంది.

"తంబురా లేదు కదే, ఎలా పాడను?" అన్నారు నాతో.

 ఖలాస్ అనలేదు, ఎలా అని అడిగారు.

ఆవిడ చూపు నా పక్కన తివాచీ మీద పెట్టిన విల్లు మీద పడింది. "అది ఒళ్ళో పెట్టుకో. తీగ మీటు. లాగి వదలకు సుమా, ఊరికే వేలితో మీటు."

విల్లు ఒళ్ళో పెట్టుకున్నాను. పొదిలో బాణాలు అలాగే ఉన్నాయి. వేలితో మీటాను. ముతకగా, మొండిగా, బాగా కిందుగా ఒక మోత వచ్చింది. ఐదున్నరకి ఎక్కడా పొంతన లేదని సంగీతం రాని నాక్కూడా తెలుస్తూనే ఉంది.

"ఇదెంత శ్రుతో నాకు తెలీదు అత్తయ్యా" అన్నాను భయంగా. "మరీ తక్కువేమో."

"ఎంతైతే ఏం? నీ పొది మోగకుండా ఉంటే చాలు."

పొది మోగలేదు. రెండోసారి మీటాను. అత్తయ్య కళ్ళు మూసుకుని, విల్లు ఎక్కడుంటే అక్కడికి గొంతు దింపి అందుకున్నారు. ఒకచోట గొంతు పైకి వెళ్ళబోయి చిట్లింది. ఆగారు, దగ్గారు, అదే మాట కిందనుంచి మళ్ళీ ఎత్తుకుని వెళ్ళిపోయారు. లెబనాన్ కుర్రాడు తాళం వెయ్యబోయి తప్పు వేశాడు. మా ఆయన మాత్రం ఈసారి నీళ్ళు వదలడానికి బాత్రూం లేక, ఉన్నచోటే కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. నేను ఏడుస్తూ నవ్వుతూ మీటుతూనే ఉన్నాను, ఆపితే ఆవిడా ఆపేస్తారేమోనని.

పాట అయిపోయింది.  నేను విల్లు కింద పెట్టబోయాను.

"ఖలాస్?" అంది తహ్మీనా, ఇంకా ఉంటే బాగుండునన్నట్టు.

అత్తయ్య కళ్ళు తెరిచి ఆ పిల్లని చూశారు, తర్వాత నన్ను.

"ఖలాసూ లేదు, గిలాసూ లేదు. నువ్వు మీటవే!"